గుండె దడ గోలీ, పొడి దగ్గు: ఆరోగ్యశ్రీ కార్డుదారులకు ఒక ఛాతీ డాక్టరు చెప్పిన మాటలు

(రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం కింద గుండె చికిత్స చేయించుకున్నవారి కోసం మండల కేంద్రంలో జరిగిన అవగాహన సమావేశంలో ఒక ప్రభుత్వ ఛాతీ వైద్యుని ప్రసంగ పాఠం ఇది. ఫోన్‌లో చదువుకోవడానికి వీలుగా ఇస్తున్నాం. ఇంట్లో చదవలేని పెద్దవారు ఉంటే దయచేసి చదివి వినిపించగలరు.)

అమ్మలారా, అన్నలారా, ముందుగా ఒక మాట. నేను గుండె డాక్టర్ని కాదు, ఊపిరితిత్తుల డాక్టర్ని. గుండె ఆపరేషన్ చేయించుకున్న మా దగ్గరికి ఈయన ఎందుకు వచ్చాడని మీకు అనిపించవచ్చు. మీ గుండె కోసం రాసిన ఒక గోలీ కొందరిలో ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. అట్లా పాడైనవారు చివరికి నా దగ్గరికే వస్తారు. చాలామంది ఆలస్యంగా వస్తారు. అందుకే నేనే ఇక్కడికి వచ్చాను.

ఆ గోలీ పేరు అమియోడరోన్. కార్డరోన్ అనే పేరుతో మీకు తెలిసి ఉండవచ్చు. వేరే కంపెనీలు వేరే పేర్లతో అమ్ముతాయి. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల పేరు ఏదైనా సరే, దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో అమియోడరోన్ అని ఉంటుంది. 100 ఎం.జి., 200 ఎం.జి. గోలీలుగా దొరుకుతుంది. ఇంగ్లిష్ చదవడం రాకపోతే మెడికల్ షాపులో "ఇందులో అమియోడరోన్ ఉందా?" అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఒకాయన సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. అరవై దాటిన రైతు. ఆరోగ్యశ్రీ కార్డు మీద బైపాస్ ఆపరేషన్ అయింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, ఆపరేషన్ బాగా చేశారు. ఆపరేషన్ అయిన మూడో రోజు గుండె లయ తప్పింది, దడదడ కొట్టుకుంది. బైపాస్ తర్వాత ఇట్లా కావడం చాలా మామూలు, ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి అవుతుంది. దానికి అమియోడరోన్ ఇచ్చారు, లయ కుదురుకుంది. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద రాసింది ఇది: రోజుకు మూడు గోలీలు ఒక వారం, తర్వాత రోజుకు రెండు ఒక వారం, ఆ తర్వాత రోజుకు ఒకటి. మూడు నెలలకు వచ్చి చూపించుకోవాలి.

ఆ కాగితంలో తప్పేమీ లేదు. ఈ మందును ఇట్లాగే మొదలుపెడతారు. మొదట ఎక్కువ ఇచ్చి ఒంటికి పట్టించి, తర్వాత తగ్గిస్తారు. కానీ ఆ కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. ఊళ్ళో మెడికల్ షాపు అబ్బాయి మొదటి లైను చూసి "పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి" అన్నాడు. ఈయన అట్లాగే వేసుకున్నాడు. స్ట్రిప్పు అయిపోతే ఖాళీ స్ట్రిప్పు తీసుకుపోయి ఇంకోటి తెచ్చుకున్నాడు. మూడు నెలల చూపింపుకు పోలేదు, దడ లేదు కదా అనుకున్నాడు. ఎనిమిది నెలలు, రోజుకు మూడు. నేను లెక్క వేశాను. రాసిన ప్రకారం మూడు నెలలకు దాదాపు 110 గోలీలు. ఈయన మింగినవి 700 పైనే.

ఐదో నెలలో పొడి దగ్గు మొదలైంది. తెమడ లేదు. సాయంత్రం పూట ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉండేది. ఊరి ఆర్‌ఎంపీ దగ్గు టానిక్కు ఇచ్చాడు, తర్వాత యాంటీబయాటిక్ ఇచ్చాడు. తగ్గలేదు. బరువు తగ్గాడు. పట్నంలో ఒకచోట ఎక్స్‌రే తీసి, మచ్చలున్నాయి, టీబీ కావచ్చన్నారు. తెమడే పడని దగ్గు, తెమడ పరీక్షలో ఏం దొరుకుతుంది? అనుమానం మీద టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు అవి కూడా వాడాడు. పొలానికి నడిచి పోయే మనిషి, గడప దాటితే దమ్ము వచ్చే స్థితికి వచ్చాడు.

ఇంతమంది డాక్టర్లకు చూపించుకున్నప్పుడు ఆయన ప్రతిచోటా చెప్పిన మాట ఒకటే: "దగ్గు, దమ్ము." గుండె ఆపరేషన్ అయిందని కూడా చెప్పాడు. ఈ గోలీ గురించి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. నా దగ్గరికి వచ్చినప్పుడు మందుల కవరు మొత్తం బయట పెట్టమన్నాను. ఆయన భార్య కొంగు ముడిలోంచి ఒక కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తీసింది. రెండు గోలీలున్నాయి, పేరున్న భాగం లేదు. "ఇది గుండెది సారూ, దీనితో దగ్గుకేం సంబంధం?" అంది.

ఆ సంబంధం చెప్పడానికే ఈ సమావేశం.

ఈ మందు ఎందుకు రాస్తారు?

గుండె ఒక లయలో కొట్టుకోవాలి. కొందరికి పై గదులు గజిబిజిగా వణుకుతాయి. నాడి పట్టుకుంటే ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా, అడ్డదిడ్డంగా తగులుతుంది. దీన్ని డాక్టర్లు ఏ.ఎఫ్. అంటారు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి కవాటాలు దెబ్బతిన్నవారిలో, కవాటం మార్చినవారిలో, పెద్ద వయసులో, ఆపరేషన్ తర్వాత ఇది వస్తుంది. ఇంకొందరికి, ముఖ్యంగా పెద్ద గుండెపోటు వచ్చి గుండె బలహీనపడినవారికి, కింది గదుల్లో దడ పుడుతుంది. అది ప్రమాదం. నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోవచ్చు. అట్లాంటి చోట అమియోడరోన్‌కు సాటి వచ్చే మందులు చాలా తక్కువ. బలహీనమైన గుండెకు పనికిరాని లయ మందులు చాలా ఉన్నాయి, ఇది పనికొస్తుంది.

1960ల మొదట్లో బెల్జియంలో దీన్ని తయారు చేసింది గుండెనొప్పి కోసం. లయను నిలబెడుతుందని తర్వాత తెలిసింది. ఊపిరితిత్తులకు హాని చేస్తుందనే సంగతి 1980 ప్రాంతంలో బయటపడింది. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ. 1985లో దీనికి అనుమతిచ్చింది కానీ, ప్రాణం మీదికి వచ్చే లయ జబ్బులకే వాడమంది. మందు వివరాల కాగితం పైన నల్ల పెట్టె గీసి ఊపిరితిత్తుల హెచ్చరిక ఉంటుంది. అక్కడ ఈ మందు ఇచ్చినప్పుడు రోగికి అర్థమయ్యే భాషలో ఒక కాగితం కూడా చేతికివ్వాలి. మనకు కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్క చేతికొస్తుంది. ఆ తేడా చూసే నేను ఇంతసేపు మాట్లాడుతున్నాను.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

ఆవకాయ జాడీ తెలుసు కదా. పచ్చడి అయిపోయాక ఎన్నిసార్లు కడిగినా నూనె వాసన పోదు. ఈ మందు కూడా ఒంట్లో అట్లా పడుతుంది. కొవ్వులో, లివర్‌లో, ఊపిరితిత్తుల్లో ఇంకిపోయి చేరుతుంది. తలనొప్పి గోలీ వేసుకుంటే ఒక పూటలో బయటికి పోతుంది. ఇది అట్లా కాదు. ఇవాళ ఆపేస్తే, ఒంట్లో ఉన్నదాంట్లో సగం పోవడానికే సగటున రెండు నెలలు పడుతుంది. కొందరిలో నాలుగు నెలలు దాటుతుంది.

ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు ఉంటాయి, ద్రాక్ష గుత్తుల లాగా. వాటి గోడలు చాలా పలుచన. ఆ గోడ దాటే గాలి రక్తంలో కలుస్తుంది. మందు ఆ కణాల్లో పేరుకుని వాటిని దెబ్బ తీస్తుంది, అక్కడ వాపు వస్తుంది. వాపు సమయానికి కనిపెడితే చాలావరకు తగ్గుతుంది. కనిపెట్టకపోతే గోడలు మందంగా, బిగుసుగా, పుండు మానిన మచ్చ లాగా అవుతాయి. ఆ మచ్చను వెనక్కి తిప్పే మందు మా దగ్గర లేదు. ఊపిరితిత్తి కండకు నొప్పి తెలియదు కాబట్టి లోపల ఇంత జరుగుతున్నా నొప్పి లేదు కదా అని మనిషి ధీమాగా ఉంటాడు.

ఎంతమందికి వస్తుంది? రోజుకు 400 ఎం.జి., అంతకు మించి ఇచ్చిన పాత రోజుల్లో కొన్ని చోట్ల నూటికి 10 నుంచి 17 మందిలో కనిపించింది. ఇప్పుడు రోజుకు 200 ఎం.జి. లేదా 100 ఎం.జి. మీద ఉంచుతున్నారు. ఈ డోసులో నూటికి ఐదుగురిలోపే. అంటే ఈ గోలీ వేసుకునేవారిలో ఎక్కువమందికి ఊపిరితిత్తులకు ఏమీ కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, బుగులు పడొద్దు. కానీ వచ్చిన వాళ్ళకు ఇది చిన్న జబ్బు కాదు, ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు.

వయసు అరవై దాటినవారికి, ముందే ఆస్తమా, బీడీల వల్ల వచ్చిన దమ్ము, పాత టీబీ మచ్చలు లాంటివి ఉన్నవారికి, ఎక్కువ డోసు మీద రెండు నెలలు దాటినవారికి, తక్కువ డోసే అయినా రెండేళ్ళు దాటినవారికి జాగ్రత్త ఎక్కువ కావాలి. అయితే తక్కువ డోసులో, కొన్ని నెలల్లోనే వచ్చినవాళ్ళనూ నేను చూశాను. "నేను ఒక్క గోలీయే వేసుకుంటా, నాకు రాదు" అనుకోవడానికి లేదు.

ఎట్లా తెలుసుకోవాలి?

తెమడ లేని పొడి దగ్గు. నిన్న మొన్నటిదాకా చేసిన పనికే ఇప్పుడు దమ్ము రావడం. సన్నజ్వరం. కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం. కొందరికి గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పోటు. ఇవన్నీ ఒకేసారి రావు. మెల్లగా, వారాల మీద వస్తాయి. అందుకే మనిషి వయసు మీద నెట్టేస్తాడు.

మీకొక ఇంటి లెక్క చెప్తాను. మీరు రోజూ చేసే పని ఒకటి పట్టుకోండి. బోరింగు నుంచి బిందె తెచ్చుకోవడం, గుడి మెట్లు, బస్‌స్టాండు దాకా నడక, ఏదైనా సరే. పోయిన నెల ఆగకుండా చేసిన పనికి ఈ నెల మధ్యలో ఆగాల్సి వస్తే, అది చెప్పుకోవాల్సిన విషయం. కరోనా అప్పుడు కొన్న వేలి మిషన్ చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. కూర్చుని ఒకసారి, ఆరు నిమిషాలు నడిచి ఒకసారి ఆక్సిజన్ చూడండి. నడిచాక నాలుగు పాయింట్లు పడిపోతే డాక్టరుకు చూపించండి. గోళ్ళకు గోరింటాకు, రంగు ఉంటే మిషన్ తప్పు చూపిస్తుంది, ఏమీ లేని వేలికి పెట్టండి. సెల్లు అయిపోయిన మిషన్లతో కూడా వచ్చి భయపడిపోయినవాళ్ళు ఉన్నారు, ముందు సెల్లు మార్చండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుండె బలహీనపడి నీరు పట్టినా దమ్ము వస్తుంది. న్యుమోనియాకూ దగ్గు, జ్వరం వస్తాయి. టీబీకి సన్నజ్వరం, బరువు తగ్గడం ఉంటుంది. ఎక్స్‌రేలో ఇవన్నీ ఒకదానికొకటి పోలి కనిపించవచ్చు. కాళ్ళ వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం గుండె వైపు చూపిస్తాయి. నీళ్ళ గోలీ పెంచినా దమ్ము తగ్గకపోతే ఊపిరితిత్తుల వైపు చూడాలి. ఇది తేల్చడం డాక్టరు పని, మీది కాదు. సీటీ స్కాన్ తీస్తాం, ఊదే పరీక్ష చేస్తాం, గాలి రక్తంలోకి ఎంత దాటుతోందో కొలుస్తాం, టీబీ లేదని రూఢి చేసుకుంటాం. మీ పని ఒకటే. ఎవరి దగ్గరికి పోయినా "దగ్గు" అనే మాటతో పాటు "నేను అమియోడరోన్ వేసుకుంటున్నాను, ఫలానా నెల నుంచి, రోజుకు ఇన్ని" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ రైతుకు నాలుగు నెలలు కలిసొచ్చేవి.

ఇంకోటి. దగ్గు అనగానే ఊళ్ళో ఇచ్చే యాంటీబయాటిక్‌లలో అజిత్రోమైసిన్ ఒకటి. మూడు గోలీల స్ట్రిప్పు, అందరికీ తెలిసిందే. అది అమియోడరోన్‌తో కలిస్తే కొందరిలో గుండె లయ ప్రమాదకరంగా మారవచ్చు. దడ ఆపే మందు వేసుకుంటూ కొత్త దడ తెచ్చుకోవడం అన్నమాట. షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

దయచేసి ఇది విని గోలీ మానేయొద్దు

ఇలాంటి మాటలు చెప్పాలంటే నాకు భయం. ఎందుకో చెప్తాను. ఒకమ్మ, యాభై ఏళ్ళుంటాయి. గుండెపోటు తర్వాత కింది గదుల్లో దడ వచ్చి బతికి బయటపడింది. ఈ గోలీ మీదే ఉంది. ఆమె కొడుకు ఫోన్‌లో ఎక్కడో చదివాడు, ఈ మందు ఊపిరితిత్తులు తినేస్తుందని. మరుసటి రోజే మాన్పించాడు. ఒంట్లో ఉన్న మందు కొన్నాళ్ళు కాపాడింది. అందువల్ల మానేసినా ఏమీ కాలేదని ధైర్యం వచ్చింది. కొన్ని వారాల తర్వాత వంటింట్లో కూలిపోయింది. 108 సమయానికి వచ్చింది, షాక్ ఇచ్చి బతికించారు. ఆమె ఊపిరితిత్తులు పరీక్ష చేస్తే శుభ్రంగా ఉన్నాయి. ఆమెకు ఆ గోలీ వల్ల హాని ఏమీ జరగలేదు, మానడం వల్ల జరిగింది.

కాబట్టి ఈ పీడీఎఫ్ చదివి ఎవరైనా తమంతట తాము గోలీ ఆపితే నేను చెప్పింది అపార్థమైనట్టే. దగ్గు ఉందా? వాయిదా వేయకుండా రెండు మూడు రోజుల్లో గుండె డాక్టరుకు చూపించండి. దమ్ము ఒక్కసారిగా పెరిగితే, పెదవులు నీలంగా మారితే, కళ్ళు తిరిగి పడిపోతే ఆలోచించొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆపాల్సి వస్తే గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు మాట్లాడుకుని ఆపుతారు. బదులు ఏం చేయాలో చూస్తారు. కొందరికి నాడి వేగం తగ్గించే వేరే గోలీలు సరిపోతాయి. కొందరికి వైరు ద్వారా దడ పుట్టే చోటును కాల్చే చికిత్స, కొందరికి ఛాతీలో పెట్టే షాక్ మిషన్ అవసరం పడవచ్చు.

వాపు తేలితే మందు ఆపడమే మొదటి వైద్యం. ఎక్కువగా ఉంటే స్టెరాయిడ్ గోలీలు ఇస్తాం. జాడీ సంగతి చెప్పాను కదా, మందు నెలల తరబడి లోపల ఉంటుంది కాబట్టి స్టెరాయిడ్ కూడా నెలల తరబడి ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తాం. నెలరోజుల్లో బాగుందని మానేస్తే దమ్ము తిరిగి వస్తుంది. స్టెరాయిడ్ వల్ల షుగరు పెరుగుతుంది, షుగరు ఉన్నవారు ముందే చెప్పండి.

ఆ రైతు సంగతి మిగిలింది. గుండె డాక్టరుతో మాట్లాడి గోలీ ఆపాం. అసలు ఆయనకు అది మూడు నెలల తర్వాత అవసరమే లేదు. ఆపరేషన్ తర్వాత వచ్చే దడ చాలామందిలో కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. టీబీ లేదని తేల్చి ఆ మందులు కూడా ఆపాం. స్టెరాయిడ్ ఏడు నెలలు నడిచింది. ఇప్పుడు పొలం దాకా పోతాడు, గట్టు మీద రెండుసార్లు కూర్చుని. అంతవరకే తిరిగొచ్చింది, మిగతాది మచ్చగా మిగిలింది.

కార్డు ఎంతవరకు, మన జాగ్రత్త ఎక్కడి నుంచి

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి ఉంది. ఆపరేషన్, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళ వైద్యం పథకం చూసుకుంటుంది. కొన్ని చికిత్సలకు డిశ్చార్జి తర్వాత ఏడాది పాటు చూపింపు, పరీక్షలు, మందులు కలిపి ఫాలో-అప్ ప్యాకేజీ ఉంటుంది. అన్నిటికీ ఉండదు. మీ చికిత్సకు ఉందో లేదో డిశ్చార్జి అయ్యే రోజే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. ఉంటే తారీఖులు రాయించుకోండి. ఉండి కూడా వాడుకోనివాళ్ళు చాలామంది, బస్సు ఖర్చు దండగ అనుకుంటారు. ఆ రైతుకు మూడు నెలలప్పుడు బస్సెక్కి పోయి ఉంటే అక్కడే ఆగిపోయేది.

తర్వాత వచ్చే ఏళ్ళల్లో ఇంట్లో వేసుకునే గోలీని కార్డు కాపలా కాయదు. ఆ కాపలా మనమే కాయాలి. డిశ్చార్జి రోజు డాక్టరును గానీ నర్సమ్మను గానీ ఇవి అడగండి: ఈ గోలీ ఎన్నాళ్ళు? ఎప్పుడు తగ్గించాలి? ఎప్పుడు ఆపాలి? జవాబును తెలుగులో, డిశ్చార్జి కాగితం వెనకాల, మీ ఇంట్లో చదివే పిల్లలతోనే రాయించండి. తారీఖులు వేసి రాయండి. "వారం తర్వాత రెండు" అని కాదు, ఫలానా తారీఖు నుంచి రెండు, ఫలానా తారీఖు నుంచి ఒకటి అని.

మందు మొదలుపెట్టేటప్పుడు ఒక ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్, లివర్ రక్తపరీక్షలు, ఈసీజీ, వీలైతే ఊదే పరీక్ష చేయించుకోవాలి. తర్వాత ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్. ఏడాదికోసారి ఎక్స్‌రే, ఈసీజీ. థైరాయిడ్ ఎందుకంటే, ఒక 200 ఎం.జి. గోలీలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో ఆరో వంతు కూడా కాదు. గోలీలోని అయోడిన్ అంతా ఒక్కసారి విడుదల కాదు గానీ, విడుదలయ్యేది కూడా చాలా ఎక్కువే. కంటిచూపు తేడాగా ఉంటే కంటి డాక్టరుకు చూపించండి. ఎండ తగిలితే చర్మం మండవచ్చు, పొలం పనిలో నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ ఉండాలి.

రక్తపరీక్షలకు ప్రైవేటు ల్యాబుకే పోనక్కరలేదు. మీ పీహెచ్‌సీలో, పట్నమైతే బస్తీ దవాఖానలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు. ఎక్స్‌రే ఏ సర్కారు దవాఖానలో ఉందో అక్కడే చెప్తారు. ఊదే పరీక్షకు, సీటీకి జిల్లా స్థాయి లేదా మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రావాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయొద్దు, పక్క మీది పరుపు కింద పెట్టి మడత పడేయొద్దు. కొత్తదాని పక్కన పాతది పెట్టి చూస్తేనే మాకు తేడా తెలుస్తుంది. పాత ఫిల్ము ఒక్కటి ఉంటే సగం వాదన తీరిపోతుంది.

ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పథకంలో ఊపిరితిత్తుల జబ్బులకు కూడా చికిత్సలున్నాయి. ఇది గుండె కార్డు, ఇక్కడ పనికిరాదు అనుకోవద్దు, కార్డు కుటుంబానికి. మీ జబ్బు ఏ చికిత్స కిందికి వస్తుందో ఆరోగ్యమిత్ర కౌంటరులో చెప్తారు. అనుమానమున్నా, పథకం కింద రావాల్సిన వైద్యానికి ఎవరైనా డబ్బులడిగినా 104కి ఫోన్ చేయవచ్చు.

ముందున్నవాళ్ళు అడిగిన కొన్ని సంగతులు

వెనక వరసలో ఒకాయన అడిగారు, హెర్నియా ఆపరేషన్ ఉంది, చెప్పాలా అని. తప్పకుండా చెప్పాలి. మత్తు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టరుకు ఈ గోలీ పేరు చెప్పండి. ఇది వేసుకునేవారికి ఆపరేషన్ అప్పుడు ఎక్కువ ఆక్సిజన్ పెడితే కొందరిలో ఊపిరితిత్తులు ఒక్కసారిగా దెబ్బతింటాయి. ముందే తెలిస్తే వాళ్ళు జాగ్రత్త పడతారు.

రక్తం పలుచన చేసే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వేసుకునేవారికి, డిగాక్సిన్ వేసుకునేవారికి అమియోడరోన్ జతైతే ఆ మందుల బలం పెరుగుతుంది. వాటి డోసు తగ్గించాల్సి వస్తుంది. కవాటం మార్చినవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష మామూలు కన్నా తరచుగా చేయించుకోండి. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే ఆగొద్దు. కొలెస్ట్రాల్ గోలీ ఏదో కూడా చూపించండి, కొన్నింటిని మార్చాల్సి ఉంటుంది.

ఒక చెల్లెమ్మ ఫోన్‌లో చదివిందట, ద్రాక్షపండు తినొద్దని. అది తర్జుమా చేసినవాళ్ళ పొరపాటు. అక్కడ రాసింది గ్రేప్‌ఫ్రూట్. అది మన ద్రాక్ష కాదు, పంపరపనసకు దగ్గరి చుట్టం. గ్రేప్‌ఫ్రూట్ ఈ మందును రక్తంలో పెంచుతుంది. పంపరపనస కూడా పక్కన పెట్టండి. ద్రాక్ష తినవచ్చు, షుగరు ఉంటే కొంచెమే.

బీడీ గురించి ఎవరూ అడగలేదు, ఎందుకు అడగలేదో నాకు తెలుసు. మానేయండి.

ఇప్పుడు మైకు పక్కన పెట్టేస్తున్నాను. ఆశా అక్క చెప్పింది, అందరూ మందుల కవర్లు తెచ్చుకున్నారట. ఒక్కొక్కరుగా ఈ బల్ల దగ్గరికి రండి. డిశ్చార్జి కాగితం, స్ట్రిప్పులు, పాత ఎక్స్‌రే ఉంటే అది కూడా. అమియోడరోన్ ఉన్నవారి కాగితం మీద మొదలుపెట్టిన తారీఖు, ఇప్పటి డోసు, మళ్ళీ గుండె డాక్టరుకు చూపించుకోవాల్సిన తారీఖు తెలుగులో రాసిస్తాం. ఇది ఫోన్‌లో చదువుతున్నవారు మీ దగ్గరి పీహెచ్‌సీలో లేదా ఆరోగ్యమిత్ర దగ్గర ఈ మూడూ రాయించుకోండి. స్ట్రిప్పు కొన్నప్పుడు పేరున్న వైపు కోయొద్దని షాపతనికి చెప్పండి.